తొమ్మిది గోల్స్ తేడా

ఎల్డర్‌టన్ కాలేజీ మైదానం. ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, వల కట్టిన కర్రలతో బంతిని గోల్‌లోకి విసిరే లాక్రాస్ ఆటలో ఆడపిల్లల పోటీ, మూడో క్వార్టర్. అతిథులుగా వచ్చిన మారోఫీల్డ్ జట్టు తొమ్మిది గోల్స్ ముందుంది. ఆ జట్టు హెడ్ కోచ్ రొవీనా డ్రిస్కల్, ఆమె అసిస్టెంట్ టిల్లీ ఓస్‌గుడ్ మైదానం అంచు గీత పక్కన నిలబడి ఉన్నారు.

“ఇంకొక్కటి కొడితే పదవుతుంది కోచ్.”

“తెలుసు.”

“పదైతే ఇక గడియారం ఆగదు. బంతి బయటికి పోయినా, విజిల్ వేసినా నడుస్తూనే ఉంటుంది. గబగబా ముగించుకుని బస్సెక్కేయొచ్చు.”

“అందుకే వద్దంటున్నా.”

“ఏది వద్దు?”

“పది. పది వద్దు.”

“అర్థం కాలేదు.”

“తొమ్మిది దగ్గరే ఉండాలి టిల్లీ. వాళ్ళొకటి కొడితే మనమొకటి కొడదాం. వాళ్ళు కొట్టకపోతే మనమూ కొట్టొద్దు. హాడ్లీకి చెప్పు.”

“హాడ్లీ ఇవాళ కళ్ళు మూసుకుని విసిరినా గోలే పడుతోంది. దాన్నెలా ఆపను?”

“వాళ్ళ గోల్‌కీపర్ పొట్ట మీదికి కొట్టమను.”

“కావాలని?”

“కావాలనే.”

“కోచ్, ఆరేళ్ళుగా మీ పక్కన నిలబడుతున్నాను. ఇంత ముందున్నప్పుడు మీరు చేసేది ఒకటే. సీనియర్లని కూర్చోబెట్టి చిన్నవాళ్ళని దించుతారు. అవతలివాళ్ళ పరువు వాళ్ళకి మిగల్చాలంటారు. ఎండాకాలం క్యాంపుల్లో కోచ్‌లందరికీ మీరు చెప్పే మొదటి పాఠమే అది.”

“చిన్నవాళ్ళని దించు. నేను కాదన్నానా? తొమ్మిది దాటొద్దంటున్నానంతే.”

“ఇది పరువు మిగల్చడం కాదు. నలిపినలిపి చంపడం.”

“బ్రిన్! ఆగు, ఆగు! వెనక్కి తిప్పు! కొట్టకు— అబ్బ!”

“పోస్టుకి తగిలింది.”

“బతికాం.”

“మన పిల్ల గోల్ తప్పితే బతికాం అన్న కోచ్‌ని మిమ్మల్నే చూస్తున్నా.”

“చూసింది చాలు. అటు చూడు, టోపీ పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడిందే.”

“పౌలా విట్‌మర్. వాళ్ళ కోచ్.”

“ఒకప్పుడు నువ్వు నిలబడ్డచోటే నిలబడేది. నా ఎడమ పక్కన. నీలాగే నా క్లిప్‌బోర్డు పట్టుకుని.”

“ఇక్కడా?”

“ఇక్కడే, ఈ కాలేజీలోనే. అప్పుడీ ప్లాస్టిక్ గడ్డి, ఈ టర్ఫ్ లేదు. అదిగో, ఆ కార్లు ఆపారు చూడు, అది మా మైదానం. మట్టి, గుంతలు. వానొస్తే బురదలో బంతి కోసం చేతులు పెట్టి వెతుక్కునేవాళ్ళం. మగపిల్లల టీంకి లైట్లున్న మైదానం, బస్సు, ఒంటి మీద ఇస్త్రీ చేసిన జెర్సీ. మాకు నేను నడిపే వ్యాను.”

“మీరు ఫిర్యాదు చేశారని విన్నా.”

“ఎవరన్నారు?”

“అందరూ అంటారు. మీరు తప్ప.”

“చట్టముంది కదా, మగపిల్లలకేముంటే ఆడపిల్లలకీ ఉండాలని. అదే అడిగాను. కమిటీ వేశారు. సాక్షి కావాలన్నారు. గుంతల లోతు టేపు పెట్టి కొలిచింది ఎవరనుకున్నావ్? పౌలా. మా పిల్ల ఒకర్తి గుంతలో పడి మడమ విరగ్గొట్టుకుంటే ఆస్పత్రికి మోసుకెళ్ళిందెవరు? పౌలా. తీరా కమిటీ ముందు కూర్చుని ఏమందో తెలుసా? ‘మా అమ్మాయిలు బాగానే ఉన్నారండీ, మా కోచ్‌కే కాస్త కోపమెక్కువ’ అంది.”

“అయ్యో.”

“ఎంత మెల్లగా చెప్పిందనుకున్నావ్! నన్ను చూసి జాలిపడుతున్నట్టు. జూన్‌లో నన్ను పీకేశారు. జులైలో నా గది దానికిచ్చారు. మరుసటేడు ఈ టర్ఫ్ పరిచారు.”

“మీ ఫిర్యాదు వల్లే పరిచుంటారు కదా.”

“ఫిర్యాదు నాది, ఫోటో దానిది. కత్తెర పట్టుకుని రిబ్బన్ కత్తిరిస్తూ, పళ్ళన్నీ బయటపెట్టి.”

“గోల్! వాళ్ళు కొట్టారు కోచ్. తేడా ఎనిమిది.”

“హాడ్లీని కొట్టమను ఇప్పుడు.”

“ఒక్కటేనా?”

“ఒక్కటే. ఆశకి పోవద్దని చెప్పు.”

“హాడ్లీ! ఒకటి! ఒక్కటే!... ఏం కోచ్, ఆ పిల్ల మనల్ని పిచ్చోళ్ళని చూసినట్టు చూస్తోంది.”

“చూడనీ. బంతి తీసుకుంది. వెళ్ళు, వెళ్ళు, ఎడమకి... ఆఁ. తొమ్మిది. ఇక చాలను.”

“ఇన్నేళ్ళూ వీళ్ళతో ఒక్క ఆటైనా ఎందుకు పెట్టుకోలేదు మనం?”

“అది పెట్టుకోనిస్తేగా! ఎప్పుడడిగినా తేదీలు కుదరవనేది. ఈ ఏడు లీగులు మారి ఇద్దరం ఒకే లీగులో పడ్డాం. ఇక ఎక్కడికి పోతుంది?”

“మీరు ఆవిణ్ణి దాటి ఎంత దూరమొచ్చారో చూసుకోండి. నాలుగు జాతీయ కప్పులు. మారోఫీల్డ్‌కి మీరొచ్చినప్పుడు టీం అంటూ ఉందా అసలు?”

“పదకొండుమంది. భోజనాల హాల్లో ట్రే పట్టుకుని నిలబడ్డవాళ్ళని పట్టుకొచ్చాను. బాస్కెట్‌బాల్ మానేసినవాళ్ళు, ఈత మానేసినవాళ్ళు. ఒకర్తి వయొలిన్ వాయించేది, మణికట్టు బాగుందని లాక్కొచ్చా.”

“మరింకేం కావాలి?”

“మొదటి కప్పు ఎత్తినప్పుడు నాకెవరు గుర్తొచ్చారో తెలుసా?”

“మీ ఇంట్లోవాళ్ళు?”

“పౌలా. రెండోసారీ పౌలానే. నాలుగోసారి మా ఆయన పక్కనే నిలబడి ఏడుస్తున్నాడు, నేను మాత్రం ఇది టీవీలో చూస్తోందా లేదా అని ఆలోచిస్తున్నా.”

“కోచ్...”

“ఏంటి?”

“ఆయనకి చెప్పారా ఈ మాట?”

“ఆట చూడు.”

“గ్యాలరీలో పాత విద్యార్థినులు చాలామంది ఉన్నారు. ఇవాళ వాళ్ళ రోజట. దుప్పట్లు కప్పుకుని, శాండ్‌విచ్‌లు పంచుకుంటూ. మీ చేతి కింద ఆడినవాళ్ళు కూడా ఉండుంటారు.”

“ఉన్నారు. ఇద్దరు చెయ్యూపారు. వాళ్ళూ చూడాలి. పైవరుసలో బూడిదరంగు కోటు కనిపిస్తోందా? కాఫీ తాగుతున్నాడు.”

“వాళ్ళ క్రీడల డైరెక్టర్ కదా. కొత్తగా వచ్చాడట. క్రాఫ్టో ఏదో.”

“క్రాఫ్ట్. వాడు చూడాలి అన్నిటికంటే. తన కోచ్ ఏపాటిదో నిమిషం నిమిషం చూడాలి. పదికి చేరితే వాడు లేచి వెళ్ళిపోతాడు. తొమ్మిదైతే మర్యాద కోసమైనా కూర్చోవాలి.”

“మీకు తెలుసా అతను?”

“ఆ చిన్నవాళ్ళని దించమన్నానా లేదా?”

“దించాను. అడిగింది అది కాదు.”

“ఎవరది? ఎవరది? ఆ పొట్టిపిల్ల ఎక్కడికి పోతోంది?”

“పోజీ. ఫస్టియర్ అమ్మాయి. అబ్బో, ఇద్దర్ని దాటేసింది! కొట్టింది! గోల్! కోచ్, మొట్టమొదటి గోల్ దాని జన్మలో! చూడండి ఎలా ఎగురుతోందో!”

“ఎవరు కొట్టమన్నారు దాన్ని?”

“దానికెవరూ చెప్పలేదు. ఇప్పుడేగా దిగింది. ఏడుస్తోంది కోచ్, సంతోషంతో.”

“పదైపోయింది. గడియారం నడుస్తోంది.”

“నడవనీండి. ఇంతటితో వదిలెయ్యండి. దాని మొహం చూడండి ఒక్కసారి.”

“చూశాను. బాగుంది. క్వార్టర్ అవగానే ఇమోజెన్‌ని ఇలా పంపు.”

“గోల్‌కీపర్ని ఎందుకు?”

“పంపమన్నా.”

క్వార్టర్ల మధ్య విరామం. మారోఫీల్డ్ గోల్‌కీపర్ ఇమోజెన్ హెల్మెట్ తీసి వచ్చింది.

“పిలిచారట కోచ్.”

“భుజం ఎలా ఉంది?”

“బాగుంది.”

“ఆ తొడ మీద దెబ్బ?”

“నీలంగా ఉంది. రాత్రికి ఆకుపచ్చవుతుంది. చెప్పండి.”

“ఈ క్వార్టర్‌లో వాళ్ళు కొట్టినప్పుడు ఒకటి వదిలెయ్.”

“ఏంటి వదిలెయ్యాలి?”

“ఒకటి.”

“గోలా?”

“కాదు, పావురాన్ని. గోలే. ఒక్కటి వదిలితే చాలు.”

“ఎందుకు?”

“నీకెందుకు? నేను చెబుతున్నా.”

“వినబడింది కోచ్. వదలను.”

“ఏమన్నావ్?”

“వదలనన్నాను. గంటకి వంద కిలోమీటర్ల మీద వచ్చే బంతికి ఒళ్ళు అడ్డం పెడుతున్నా మూడేళ్ళుగా. పక్కకి తప్పుకోవద్దని, కళ్ళు మూయొద్దని నేర్పింది మీరే. ఇప్పుడు తప్పుకోమంటే నా కాళ్ళు వినవు.”

“టిల్లీ, ఈ పిల్లకి నువ్వు చెప్పు.”

“నేనేం చెప్పను కోచ్? ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముందో నాకు తెలీదు.”

“ఇమోజెన్, ఇది నీకూ బంతికీ సంబంధించింది కాదు. అవతల గీత పక్కన ఒకామె ఉంది—”

“కోచ్ విట్‌మర్ కదా. హైస్కూల్లో ఉన్నప్పుడు వాళ్ళ జట్టులో ఆడమని నన్ను పిలిచింది ఇక్కడికి. నేను మీ దగ్గరికే వస్తానంటే, ‘మంచిది, అంతకంటే మంచి కోచ్ ఈ దేశంలో లేదు’ అంది.”

“అది అందా?”

“అంది. మా అమ్మ కూడా అక్కడే ఉంది.”

“...దాని మాటలు అలాగే ఉంటాయి. తియ్యగా.”

“నేను పోనా కోచ్?”

“పో. హెల్మెట్ మన రెండో గోల్‌కీపర్ జోన్‌కియ్యి.”

“బెంచీ మీద కూర్చోమంటారా?”

“కూర్చో.”

“సరే కోచ్.”

“ఇమోజెన్!... పోయింది. కోచ్, ఏం చేశారో తెలుస్తోందా మీకు? గోల్ ఆపుతానన్నందుకు గోల్‌కీపర్ని కూర్చోబెట్టారు.”

“జోన్‌కి కూడా ఆట కావాలిగా.”

“జోన్‌కి బంతి కనపడేలోపు వెనక వల కదులుతుంది.”

“అదే కావాలి.”

నాలుగో క్వార్టర్. జోన్ ఒకటి ఆపలేకపోవడంతో తేడా మళ్ళీ తొమ్మిదికి వచ్చింది.

“గడియారం ఆగింది. మీరడిగినట్టే. ఇప్పుడు ప్రతి విజిల్‌కీ ఆగుతుంది, ప్రతి ఫౌల్‌కీ ఆగుతుంది. సాయంత్రం దాకా ఇక్కడే ఉందాం.”

“ఉందాం.”

“హాడ్లీ నాలుగుసార్లు గోల్‌కీపర్ మీదికే కొట్టింది. ఆ ఎల్డర్‌టన్ పిల్ల అన్నీ ఆపి గంతులేస్తోంది. గ్యాలరీలో ఈలలు, చప్పట్లు. మీరనుకున్న అవమానం ఇదేనా?”

“స్కోర్‌బోర్డు చూడమను, అది గంతులేస్తున్నప్పుడు.”

“ఇంకో సంగతి. వాళ్ళ బెంచీ ఖాళీగా ఉంది.”

“అంటే?”

“ఒక్కళ్ళు కూడా కూర్చుని లేరు. ఆవిడ అందర్నీ మార్చి మార్చి దించుతోంది. అదిగో ఆ పిల్లకి కర్రలో బంతి నిలపడం కూడా సరిగ్గా రాదు. ఎవరో మోకాలికి కట్టు కట్టుకుని కుంటుతూ ఆడుతోంది.”

“దిక్కుతోచక. చేతులెత్తేసింది.”

“అలా లేదు కోచ్. ఆవిడ చప్పట్లు కొడుతోంది. ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి పంపుతోంది.”

“నటన.”

“కళ్ళు తుడుచుకుంటోంది.”

“...ఏడుస్తోందా?”

“అలాగే ఉంది.”

“సరిగ్గా చూశావా?”

“చూశాను. సంతోషమా ఇప్పుడైనా?”

“ఎంత సమయముంది ఇంకా?”

“కావలసినంత. ఇప్పుడు పది చెయ్యమంటారా? హాడ్లీ ఒక్క క్షణంలో చేస్తుంది.”

“వద్దు. ఇప్పుడే మొదలైంది దానికి. ఇప్పుడు వదిలితే ఇన్నేళ్ళు ఎందుకు మోసినట్టు?”

“మీరొక్కరే మోయట్లేదు కోచ్, ఇవాళ మాతో కూడా మోయిస్తున్నారు. నాకు మీరంటే ఎంత గౌరవమో మీకు తెలుసు. కానీ బస్సులో నేను ఇమోజెన్ పక్కన కూర్చుంటాను, మీ పక్కన కాదు.”

“నీ ఇష్టం.”

ఆట తొమ్మిది గోల్స్ తేడాతోనే ముగిసింది. రెండు జట్లూ వరసలో నడిచి చేతులు కలిపాయి. టిల్లీ అమ్మాయిలను బస్సు వైపు తీసుకెళ్ళింది. పౌలా విట్‌మర్ మైదానం దాటి రొవీనా దగ్గరికి వచ్చింది.

“బాగా ఆడారు మీ పిల్లలు, రో.”

“నన్ను రో అనడం మానెయ్ పౌలా.”

“మరేమనను? కోచ్ అనమంటావా? అలాగే అనేదాన్నిగా ఒకప్పుడు.”

“గుర్తుందన్నమాట.”

“తొమ్మిది దాటనివ్వలేదు. చూశాను. నీ హాడ్లీ అంత చక్కగా గురిచూసి మా పిల్ల పొట్టలోకి కొడుతుంటే నవ్వాగలేదు. మా కరీస్ జన్మలో అన్ని షాట్లు ఆపలేదు. అదిగో, అప్పుడే ఇంటికి ఫోన్ చేస్తోంది.”

“నవ్వుకో. నవ్వుకోవడానికేగా మిగిలింది.”

“కసి తీరిందా?”

“లేదు.”

“పదిహేడేళ్ళయింది రో.”

“నాకు లెక్కలు చెప్పకు.”

“ఆ రోజు కమిటీ ముందు నేనన్నమాట—”

“వద్దు.”

“ఒక్కసారి చెప్పనీ.”

“అక్కర్లేదు, నాకు నోటికొచ్చు. కళ్ళు దించుకుని, గొంతు తగ్గించి, ఎంత బాగా అన్నావో! తిట్టినా బాగుండేది.”

“భయమేసింది. నిన్నెలాగూ తీసేస్తారని ముందే తెలిసింది నాకు. నన్నూ తీసేస్తే టీం ఉండదనుకున్నా.”

“ఓహో! టీం కోసం నా గొంతు కోశావన్నమాట. ఎంత త్యాగం!”

“సగం టీం కోసం. సగం ఉద్యోగం కోసం. ఏది ఎక్కువో ఇప్పటికీ నాకే తెలీదు. అబద్ధమెందుకు?”

“ఇది చెప్పడానికొచ్చావా? పో, మీ డైరెక్టర్ ఇంకా పైనే ఉన్నాడు, చూస్తున్నాడు.”

“చూడనీ. ఇక వాడు చూసి చేసేదేం లేదు.”

“అంటే? నిన్ను తీసేశాడా?”

“ఆ మాట అడిగేటప్పుడు నీ మొహం వెలిగింది రో.”

“తీసేశాడా లేదా?”

“అటు చూడు. మా పిల్లలు.”

“ఏంటి వాళ్ళు? లోపలికి పోకుండా గోల్ ముందు అలా కూర్చున్నారేంటి? బూట్లు విప్పుకుని?”

“లేవబుద్ధి కావట్లేదు వాళ్ళకి. పొద్దున చెప్పాను. టీం మూసేస్తున్నారు.”

“ఏ టీం?”

“ఇదే. మనది. ఇవాళ్టిదే ఆఖరి ఆట. సోమవారం బయటికి ప్రకటిస్తారు.”

“మనది... మరి మగపిల్లలది?”

“అది ఉంటుంది. మాదే పోతుంది.”

“ఎలా పోతుంది? చట్టం ఒప్పుకోదు. మగపిల్లలది ఉంచి ఆడపిల్లలది ఎలా తీస్తారు?”

“ఆడపిల్లల పరుగుపందేల జట్టులో ఇంకో ముప్పైమందిని చేర్చుకుని తలల లెక్క సరిచేస్తారట. బూట్లు తప్ప ఖర్చు లేదు కదా. ఈ టర్ఫ్ మీద మగపిల్లలు ఆడుకుంటారు.”

“నా టర్ఫ్ మీద?”

“నీ టర్ఫే. అది నీదని నాకెప్పుడూ తెలుసు.”

“నువ్వేం చేస్తున్నావ్ మరి? చేతులు కట్టుకుని నిలబడ్డావా?”

“అందర్నీ ఒక్కసారైనా ఆడించాలనుకున్నా ఇవాళ. నువ్వు పది, పదిహేను కొట్టి గడియారాన్ని పరిగెత్తిస్తావని భయపడ్డా. నువ్వేమో ఆపావు. ఏ కారణంతో ఆపావో తెలుసు, అయినా మా పిల్లలు ఒక్కళ్ళు మిగలకుండా ఆడారు. మోకాలు పోయిన పిల్ల కూడా ఆడింది. అందుకు థాంక్స్ చెబుదామనొచ్చా.”

“నాకు థాంక్స్ చెప్పకు.”

“చెప్తా. ఇంకోటి అడుగుతా కూడా. కాదంటే కాదను.”

“ఎందుకు మూసేస్తున్నాడు? ఏం చెప్పాడు నీకు?”

“చలికాలంలో బయటి కోచ్ ఒకరికి మా ఆటల వీడియోలు పంపించి ఫోన్లో అభిప్రాయం అడిగాడట. పేరున్న మనిషట. ఎవరో చెప్పడు. ఆ మనిషి, ‘ఈ జట్టు మీద పెట్టేదంతా దండగ’ అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని ట్రస్టీల దగ్గరికి పోయాడు.”

“దండగ అని ఊరుకున్నారా? ముందూ వెనకా ఇంకేం అనలేదా?”

“నాకేం తెలుసు? వాడు చెప్పింది అంతే.”

“అంతే అనుండరు.”

“ఏమన్నా, ట్రస్టీల చెవిలో ఆ మాటే పడింది. ప్రకటించాక కూడా మార్చుకునే వీలు వాళ్ళకుంది, గురువారం వాళ్ళ ముందు నేను మాట్లాడాలి. నా మాట ఎవరూ నమ్మరు రో, నా ఉద్యోగం కోసమే అరుస్తున్నాననుకుంటారు. నువ్వు రా. నాలుగు కప్పులు గెలిచినదానివి. ఈ టీంని మట్టిలోంచి లేపినదానివి. ఈ పిల్లలకి ఆట కావాలని నువ్వొక్కమాటంటే ఆ బయటి కోచ్ మాట కొట్టుకుపోతుంది.”

“నన్నా? నన్ను రమ్మంటున్నావా?”

“నన్ను క్షమించమని అడగట్లేదు. నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టమని చెప్పు, తల వంచుకుని పోతా. పిల్లల్ని మాత్రం వదిలెయ్యొద్దు.”

“పౌలా, వాడు...”

“రో? కూర్చుంటావా? మొహమేంటి అలా అయిపోయింది?”

“నేను కోచ్‌ని మార్చమన్నాను పౌలా. టీంని తీసెయ్యమనలేదు.”